శనివారం కొన్న మంచు బూట్లు

ఆ శనివారం ఉదయం రాధాకృష్ణ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి టిఫిన్, పదింటికి కారు, పదకొండింటికి దుబాయ్‌లోని ఒక మాల్‌లో స్కీ బూట్లు, ఒంటిగంటకి షార్జా అల్ నహ్దాలోని ఇంట్లో భోజనం. ఉమ్ అల్ క్వైన్‌లో కేబుల్ ట్రేలు చేసే ఫ్యాక్టరీలో ప్లానింగ్ ఇంజనీరు కాబట్టి ఈ నాలుగు పనుల్నీ ముందురోజే గళ్ల కాగితం మీద రాసుకున్నాడు. అయినా వారం రోజులుగా అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. టిఫిన్ కూడా నిలబడే తిన్నాడు.

కారణం మర్నాటి పోటీ. బయట ఆగస్టు ఎండ నలభై ఆరు డిగ్రీలుంటే, ఆ మాల్ లోపల కట్టిన మంచుకొండ మీద సున్నాకి ఒక డిగ్రీ తక్కువ. ఆదివారం పదింటికి అక్కడ ఒక పెద్దవారు, ఒక పిల్లో పిల్లాడో జోడీగా స్కీ పలకల మీద, పాతిన జెండాల పక్కనుంచి తిరుగుతూ కొండ దిగాలి. పోయినేడు రాధాకృష్ణ తన పన్నెండేళ్ల కూతురు స్నిగ్ధతో దిగుతూ మూడో జెండా దగ్గర పడ్డాడు. పడ్డవాడు అక్కడితో ఆగలేదు, నాలుగో జెండానీ ఐదో జెండానీ కూడా వెంటబెట్టుకుని కిందికి వెళ్లాడు. స్నిగ్ధ కొండ మధ్యలో, ఆ చలిలో, పదకొండు నిమిషాలు నిలబడి అతని కోసం ఎదురుచూసింది. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఈ ఏడు దరఖాస్తులో ‘జోడీ’ అన్నచోట నాన్న అని రాసి, కింద ‘ఆయన రాలేకపోతే’ అన్న గడిలో పక్క ఫ్లాటు సత్యప్రసాద్ పేరు రాసింది. కంపెనీ ట్రైనింగుకని మూడు వారాలు స్విట్జర్లాండ్‌లో ఉండి వచ్చి, ఆరేళ్లుగా ఆ మూడు వారాల గురించే చెబుతున్న మనిషి ఆయన. ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చని దరఖాస్తులోనే ఉంది. రాధాకృష్ణ ఆ వాక్యం చదివాడు. చదివిన దగ్గర్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం క్లాసుకు వెళ్లి పద్నాలుగు వారాలు నేర్చుకున్నాడు.

పద్నాలుగో వారం ట్రైనర్ అసలు విషయం చెప్పాడు. “మీ మోకాళ్లలో తప్పేం లేదు. అద్దె బూట్లు మీకు వదులు. మీరు పిక్కతో ముందుకు నొక్కితే ఆ ఒత్తిడి బూటులోంచి నేరుగా స్కీ అంచుకి పోవాలి. అప్పుడే అంచు మంచుని కొరుకుతుంది. మీ కాలు ముందు బూటులోనే ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాత స్కీకి కబురు పంపుతోంది. ఈలోగా జెండా దాటిపోతోంది. కాలికి కొలిపించుకుని, కాస్త గట్టివి కొనుక్కోండి.” కొలిచే షాపులో పోటీకి ముందు దొరికిన సమయం ఒక్కటే, శనివారం పదకొండింటికి.

తలుపు దగ్గర కారు తాళాలు తీసుకుంటుంటే అత్తగారు మాణిక్యాంబ హాల్లోకి వచ్చింది. ఆవిడది అమలాపురం. విజిట్ వీసా మీద వచ్చి నెలైంది.

“ఎక్కడికండీ అల్లుడుగారూ, పొద్దున్నే తయారయ్యారు?”

“బూట్లు కొనుక్కోవాలి అత్తయ్యగారూ. రేపటి పోటీకి.”

“ఇవాళ శనివారం కదండీ.”

“ఈ దేశంలో సెలవులే శని, ఆదివారాలకి మార్చేశారండీ. ఇంకెప్పుడు కొంటాం?”

“సెలవు మార్చినంత మాత్రాన వారం మారదు కదండీ. శనివారంనాడు కాళ్లకి తొడిగేవి కొని తెస్తే శనిని కారెక్కించుకుని తెచ్చినట్టే. పోయినేడు ఆ ఊలు మేజోళ్లు ఏ రోజు కొన్నారు?”

రాధాకృష్ణకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ జ్ఞాపకశక్తి ఉంది. శనివారమే కొన్నాడు.

“పడ్డారా లేదా?” అంది మాణిక్యాంబ. తర్వాత స్నిగ్ధని పిలిచి, ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టమంది. “ఇవాళ చెప్పుల షాపు గడప తొక్కనని పిల్ల మీద ఒట్టెయ్యండి. నాకూ మనశ్శాంతిగా ఉంటుంది.” వంటింటి గుమ్మంలో నిలబడిన భార్య దేవి, ఆ ఒట్టేదో వేసేసి టిఫిన్ ప్లేటు సింకులో పెట్టండి అన్నట్టు చూసింది. రాధాకృష్ణ ఒట్టు వేశాడు. దానికి తోడు, పదకొండింటికి ఆవిడని జెబెల్ అలీ గుడికి తీసుకెళ్లే పని కూడా అతని మీదే పడింది.

అతను బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసి కలీంకి ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీలో పికప్ నడిపే కలీంది నిజామాబాద్. ఉద్యోగాల్లో తేడా ఉన్నా పదకొండేళ్లుగా ఒకే చోట టీ తాగుతున్న స్నేహం. ఇద్దరికీ ఇంకో పోలిక కూడా ఉంది. ఏటా కంపెనీ ఇచ్చే సేఫ్టీ షూల జాబితాలో ఇద్దరి పేర్ల పక్కనా తొమ్మిదే ఉంటుంది.

“కలీం, ఒక గంట నీ కాళ్లు కావాలి.”

“తీస్కోండి సార్. ఎక్కడికి తేవాలె?”

రాధాకృష్ణ సంగతంతా చెప్పాడు. “నా పేరు చెప్పి కొలత ఇవ్వు. డబ్బు కట్టిన రసీదు పంపిస్తున్నా. గట్టిగా ఉండాలి, అంచు పట్టు దొరకాలి అని చెప్పు.”

“బూట్లకు అంచు పట్టెందుకు సార్?”

“అది వాళ్లకి తెలుసు.”

ఒట్టు తన కాళ్ల గురించే కాబట్టి కలీం కాళ్ల మీద దానికి అధికారం లేదని రాధాకృష్ణ తీర్మానించుకున్నాడు. ప్లానింగ్ విభాగంలో ఇలాంటి తీర్మానాలు రోజూ జరుగుతాయి.

షాపులో కొలిచే మనిషి గుల్మార్గ్ నుంచి వచ్చిన కాశ్మీరీ. పాదాల విషయంలో నవ్వడు. కలీం ముందు మోకాలి మీద కూర్చుని, చెప్పులు విప్పించి, రెండు పాదాల్నీ చేతుల్లోకి తీసుకుని చూశాడు. లోపలి మెత్త తీసేసిన వట్టి బూటులో కాలు పెట్టించి, మడమ వెనక ఎన్ని వేళ్లు దూరుతున్నాయో చూశాడు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి, మడమ మాత్రం లేవకూడదు అని ప్రతిదీ విడమరిచి చెప్పాడు. గల్ఫ్ వచ్చాక కలీం పాదాల్ని ఎవరూ ఇంత మర్యాదగా చూడలేదు. కాశ్మీరీ చెప్పిన ప్రతి మాటా కలీం మనసులో పెట్టుకున్నాడు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఎలా దిగుతారు, నెమ్మదిగానా, వేగంగానా? కలీం రాధాకృష్ణకి ఫోన్ చేశాడు. ఏడుసార్లు చేశాడు. ఆ ఫోన్ గుడిలో, జేబులో, నోరు మూసుకుని ఉంది. పేరు సార్‌ది. సార్ పేరు తక్కువ చేయడం కలీంకి ఇష్టం లేదు.

“నంబర్ వన్,” అన్నాడు హిందీలో.

“పోటీలకు వెళ్తారా?”

“ప్రతి ఏడు.”

“పోయినేడు?”

కలీం గుర్తు తెచ్చుకున్నాడు. “మూడు జెండాలు తెచ్చిన.”

కాశ్మీరీ మొదటిసారి తలెత్తి గౌరవంగా చూశాడు. ఈ బూట్ల గట్టితనానికి నంబర్లుంటాయి. అరవై అంటే నేర్చుకునేవాళ్లకి. అతను నిచ్చెన వేసుకుని పై అరలోంచి నూట ముప్పై దింపాడు. లోపలి మెత్తని చిన్న ఓవెన్‌లో వేడి చేసి, కలీం కాళ్లకి తొడిగి, పది నిమిషాలు కదలకుండా నిలబెట్టాడు. మెత్త చల్లారేసరికి ఆ బూట్లు ఈ ప్రపంచంలో ఇంకెవరికీ సరిపోకుండా తయారయ్యాయి.

కలీం వెళ్లిపోయాక కాశ్మీరీకి ఒక సంగతి గుర్తొచ్చింది. కొన్నాయన ఎడమ పాదం బల్లపరుపుగా ఉంది. బుకింగ్‌లో ఉన్న నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. కింద ఇంకో నంబరుంది. అది దేవిది.

“రాధాకృష్ణ సాబ్ ఎడమ పాదం వంపు పూర్తిగా పడిపోయింది,” అన్నాడు హిందీలో. “నేను చేత్తో పట్టి చూశాను. కింద దన్ను పెట్టకుండా రేపు కొండ దిగితే మోకాలు దెబ్బతింటుంది.”

భర్త నిన్న సాయంత్రమే క్లాసుకి వెళ్లొచ్చాడు కాబట్టి, ఈ మాట్లాడేది ట్రైనరే అనుకుంది దేవి. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, కుర్చీలో కూలబడింది.

అదే సమయానికి గుడిలో రాధాకృష్ణ జేబులోంచి ఫోన్ తీసి కలీం చేసిన ఏడు మిస్‌డ్ కాల్స్ చూశాడు. మాట్లాడటానికి బయటికి పరిగెత్తాడు. చెప్పుల సంగతి పార్కింగ్ మధ్యలోకి వెళ్లాక గుర్తొచ్చింది. ఆగస్టు మధ్యాహ్నం ఆ తారు మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. “ఖలాస్ సార్, మస్తు బూట్లు, సాయంత్రం తెస్త,” అని కలీం చెబుతున్నంతసేపూ అతను ఒంటికాలి మీద గెంతుతూనే ఉన్నాడు. ఎడమ కాలు ఎక్కువ కాలింది.

లిఫ్టులోంచి తల్లి వెనకే కుంటుకుంటూ వస్తున్న భర్తని చూడగానే దేవి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఎన్నాళ్లనుంచి దాస్తున్నారండీ?”

“ఏమిటి?”

“ఎడమ పాదం.”

“దాచడమేంటి, ఇప్పుడే గుడి దగ్గర...”

“అబద్ధం చెప్పకండి. ట్రైనర్ ఫోన్ చేశాడు. వంపు పడిపోయిందట. చేత్తో పట్టి చూశాడట. రేపు మీరు కొండెక్కడానికి వీల్లేదు.”

ఆ పాదం ఎవరిదో రాధాకృష్ణకి ఒక్క క్షణంలో అర్థమైంది. అది నాది కాదు అంటే ఎవరిదని అడుగుతారు. కలీంది అంటే ఎందుకు చూశారని అడుగుతారు. అక్కణ్నుంచి శనివారం రెండడుగుల దూరం.

“కొనకపోయినా, కొందామనుకున్నందుకే ఇంత జరిగింది,” అంది మాణిక్యాంబ. ఆవిడ అల్లుణ్ని సోఫాలో కూర్చోబెట్టి, ఆముదం వేడి చేయించి, పసుపు కలిపి, దేవి చేత ఎడమ పాదానికి పాత చీర ముక్కతో కట్టు కట్టించింది. కట్టు సొరకాయంత అయింది.

స్నిగ్ధ పక్క ఫ్లాటుకి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. “సత్యప్రసాద్ అంకుల్ రెడీ అంట నాన్నా. ఆయనకి సొంత స్కీ ప్యాంటు కూడా ఉందంట.” కాసేపు కట్టువైపు చూసి, “కాలు బాగోలేదు కదా. ఫర్వాలేదులే,” అంది.

ఆ ‘ఫర్వాలేదులే’ రాధాకృష్ణకి తారు రోడ్డు కన్నా ఎక్కువ తగిలింది. కలీం రాగానే వాడి ఎదురుగానే అంతా చెప్పేద్దామని నిశ్చయించుకుని, వాక్యాలు కూడా వరసగా పేర్చుకున్నాడు. అయిదింటికి బెల్ మోగింది. కట్టుతో లేచేసరికి అత్తగారు తలుపు తీసేసింది.

గుమ్మంలో కలీం, చేతిలో ఇటుక రంగు బూట్లు.

“ఏంటి బాబూ అవి?”

కలీం లోపలికి చూశాడు. సార్ కాలికి కట్టు ఉంది. అత్తగారి వెనకనుంచి సార్ రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. ముందు నన్ను చెప్పనీ అని రాధాకృష్ణ ఉద్దేశం. ఈ బూట్లు నావి కావు అంటున్నాడని కలీంకి అర్థమైంది.

“నావే అమ్మా,” అన్నాడు.

“శనివారం కొన్నావా నాయనా?”

“మాకు ఆ పట్టింపు లేదమ్మా.”

“ఇంత బరువు బూట్లు నీకెందుకు?”

“మంచు మీద జారేందుకు.”

ఆ మాటకి స్నిగ్ధ హోంవర్క్ వదిలేసి వచ్చింది. “కలీం అంకుల్, మీకు స్కీయింగ్ వచ్చా?”

“జరంత వస్తది బేటీ.”

స్నిగ్ధ బూటు తిప్పి నంబరు చదివింది. “నూట ముప్పై. ఇవి జరంత వచ్చినవాళ్లవి కావు. తొడుక్కోండి, చూస్తా.” శనివారపు బూట్లు గడప దాటకూడదు కాబట్టి అతను కారిడార్‌లోనే నిలబడి తొడుక్కున్నాడు. స్నిగ్ధ కిందికి వంగి మడమ దగ్గర లాగి చూసింది, పిక్క దగ్గర వేలు దూర్చబోయింది. దూరలేదు. “ఇంత కరెక్ట్‌గా సరిపోయిన బూట్లు నేను ఎవరికీ చూళ్లేదు,” అంది. ఆ తర్వాతి మాట ఎవరూ ఊహించనిది. “అంకుల్, రేపు నా జోడీగా వస్తారా? సత్యప్రసాద్ అంకుల్ జారడం కన్నా చెప్పడం ఎక్కువ.”

“పాపం, పిల్ల అడుగుతోంది. రా నాయనా,” అంది మాణిక్యాంబ.

కలీం పిల్లలకి కాదని చెప్పలేని మనిషి. సరే బేటీ అన్నాడు. కలీంనే పిల్ల అంత సంతోషంగా చూస్తుంటే, పేర్చుకున్న వాక్యాల్లో ఏది ముందు తీయాలో రాధాకృష్ణకి తెలియలేదు. రెండు నిమిషాల తర్వాత పార్కింగ్ లోంచి ఫోనొచ్చింది.

“సార్, మంచు నేను ఫ్రిజ్‌లనే చూసిన.”

“రేపు ఆదివారం కలీం. శని అయిపోతుంది. పొద్దున్నే మాల్‌లో అందరికీ చెప్పేస్తా. నువ్వు రావడం మాత్రం మానకు.”

ఆదివారం తొమ్మిదీ ఇరవైకి, అద్దె బూట్లిచ్చే హాల్లో స్నిగ్ధ పక్కన ముగ్గురు పెద్దమనుషులు నిలబడ్డారు. ఎర్ర జాకెట్టు, సొంత ప్యాంటుతో సత్యప్రసాద్. నూట ముప్పై బూట్లు చంకలో పెట్టుకుని, ముఖంలో రక్తం లేని కలీం. ఎడమ కాలికి ఆముదం వాసనతో రాధాకృష్ణ. పేర్లు ఖాయం చేసే టేబుల్ ఇరవై నిమిషాల్లో మూసేస్తారు.

“ఆ కాలు నాది కాదు,” అన్నాడు రాధాకృష్ణ.

“ఏ కాలండీ?” అంది దేవి.

“వంపు పడిపోయిన కాలు. అది కలీంది. ఆ బూట్లు నావి. ఫోన్ చేసింది ట్రైనర్ కాదు, షాపువాడు. నేను ఒట్టేశానని నా బదులు కలీంని పంపాను. వాడికి స్కీయింగ్ రాదు.”

అందరూ కలీం ఎడమ పాదంవైపు చూశారు. అతను దాన్ని కుడి పాదం వెనక్కి జరిపాడు.

“పిల్ల నెత్తి మీద ఒట్టేశారు కదండీ,” అంది మాణిక్యాంబ మెల్లగా.

“నేను గడప తొక్కలేదండీ.”

అంటూనే రాధాకృష్ణ కట్టు విప్పి, అటూ ఇటూ పరిగెత్తి చూపించాడు. రెండు ఊలు మేజోళ్లు ఒకదాని మీద ఒకటి తొడిగి, ఇటుక రంగు బూట్లలో కాళ్లు పెట్టాడు. లోపల అంతా కలీం పాదం ఆకారం. తన మడమ అడుగు తీస్తే లేస్తోంది, వేళ్లు పక్కకి జరుగుతున్నాయి. మోకాలు వంచబోతే మాత్రం బూటు గోడలా నిలబడిపోయింది. వదులూ గట్టీ రెండూ ఒక్కచోటే దొరికాయి. పద్నాలుగు వారాల శ్రమ ఇక్కడ ముగిసిందని అతనికి తెలిసిపోయింది. స్నిగ్ధ వైపు చూడలేకపోయాడు.

సత్యప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. “బాధపడకండి రాధాకృష్ణగారూ. నేను ఉన్నాను కదా. స్విట్జర్లాండ్‌లో ఒకసారి...”

“సార్, ఒక్క నిమిషం,” అన్నాడు కలీం.

అతను ఆ కాశ్మీరీ కూర్చున్నట్టే మోకాలి మీద కూర్చుని, బూట్లు లాగేసి, మేజోళ్లు రెండూ తీసేసి, సార్ పాదాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

“సార్, మీది తొమ్మిది కాదు.”

“కంపెనీ ఇచ్చేది తొమ్మిదే కదా.”

“మీరు అడిగితే ఇస్తరు. కాలికి గాలి ఆడాలె అని మీరే అంటరు కదా. ఇక్కడ అద్దెకు కూడ తొమ్మిదే అడిగి ఉంటరు.”

చిన్నప్పుడు రాధాకృష్ణకి వాళ్ల నాన్న ఒక నంబరు పెద్దవే కొనేవాడు, ఎదిగే కాళ్లని. కాళ్లు ఎదగడం ఆగిపోయి పాతికేళ్లయినా ఆ నంబరు మాత్రం అతను తగ్గించలేదు. పోయినేడు పడిందీ, పద్నాలుగు వారాలు ఆయాసపడిందీ ఆ ఒక్క నంబరు మీదే.

కలీం కౌంటర్‌కి పరిగెత్తి ఎనిమిదో నంబరు అద్దె బూట్లు, ఒక పల్చటి మేజోళ్ల జత తెచ్చాడు. మడమని వెనక్కి కొట్టించి, బకిల్స్ ఒక్కొక్కటిగా బిగించాడు.

“ఇరుగ్గా ఉంది కలీం.”

“ఇరుకు గాదు సార్, పట్టు. నిలవడితే వేళ్లు ముందట తగుల్తున్నయా? ఇగ మోకాలు వంచుండ్రి.”

వంచాడు. వేళ్లు వెనక్కి వచ్చాయి. మడమ లేవలేదు. స్నిగ్ధ వంగి, వేలు దూర్చి చూసి, నిటారుగా లేచింది. “టేబుల్ మూసేస్తున్నారు నాన్నా, రా,” అంది.

పై నుంచి చూస్తే కొండ ఎప్పటిలాగే నిటారుగా ఉంది. మొదటి రెండు జెండాలు ఎలా దాటాడో రాధాకృష్ణకి తెలియదు. మూడో జెండా దగ్గర పిక్కతో ముందుకు నొక్కాడు. కాలు అనుకున్న మరుక్షణమే అంచు మంచులో దిగింది, స్కీ తిరిగింది, జెండా ఎక్కడిదక్కడే ఉండిపోయింది. నాలుగోదీ ఉండిపోయింది. ఐదోదీ ఉండిపోయింది. కింద ఆగినప్పుడు స్నిగ్ధ చెయ్యి అతని చేతిలో ఉంది. తొమ్మిది జోడీల్లో నాలుగోవాళ్లుగా వచ్చారు.

“నాన్నా, నువ్వు పడలేదు,” అంది స్నిగ్ధ. రాధాకృష్ణకి ఇంత ఆనందం ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది, తుడుచుకోవడానికి కాసేపు పట్టింది.

బయట దేవి అందరికీ వేడి టీ ఇప్పించింది. సత్యప్రసాద్ తన త్యాగం గురించి పక్క జోడీ వాళ్లకి చెబుతున్నాడు. మాణిక్యాంబ ముఖం వెలిగిపోతోంది.

“శనివారం కొన్నవి వేసుకోలేదు కాబట్టే పడలేదు. నేను నిన్ననే చెప్పాను,” అంది. వేడి చేసి కాలికి పోత పోసిన బూట్లు షాపువాళ్లు వెనక్కి తీసుకోరు కాబట్టి అవి కలీంవే అయిపోయాయి. వాటితో పాటు రసీదులోనే ఉన్న ఎనిమిది ఉచిత క్లాసులు కూడా.

నవంబర్ పోటీ దరఖాస్తులు అక్కడే ఇస్తున్నారు. స్నిగ్ధ టీ పక్కన పెట్టి నింపసాగింది. రాధాకృష్ణ ఈసారి ధైర్యంగా భుజం మీంచి చూశాడు. ‘జోడీ’ అన్నచోట కలీం అంకుల్ అని ఉంది. కింది గడిలో సత్యప్రసాద్ పేరు లేదు. అక్కడ నాన్న అని ఉంది.

“అదేంటి స్నిగ్ధా?”

“నీవి అద్దె బూట్లు కదా నాన్నా. ఆయనకి సొంతవి ఉన్నాయి.”

రాధాకృష్ణ కలీంని వెంటబెట్టుకుని, అతని ఎడమ పాదానికి దన్ను చేయించడానికి షాపువైపు నడిచాడు. ఆదివారం కాబట్టి అత్తగారు కూడా అభ్యంతరం లేకుండా వెంట వచ్చింది.